పెద్ద గుర్రం ఎక్కే తీరు

మనిషి గుర్రం ఎక్కేటప్పుడు ఏదీ దాచలేడని మా నాన్న నమ్మకం. ఆయన నమ్మకాలన్నిటిలో నాకు పూర్తిగా అబ్బింది ఇదొక్కటే. ఇప్పటికీ ఎవరైనా బస్సు ఎక్కుతుంటే నేను వాళ్ళ ముఖం చూడను, మోకాళ్ళు చూస్తాను. ఇది మంచి బుద్ధి కాదని తెలుసు. అయినా పోలేదు.

మా ఇల్లు సంగారెడ్డి ఊరి చివర, పటాన్‌చెరు పోయే రోడ్డు పక్కన ఉండేది. నాన్న వయసులో ఉన్నప్పుడు ఒక దొరగారి గుర్రాలశాలలో గుర్రాలను చూసుకునే సాయిసుగా పనిచేశాడు. దొరతనాలు పోయాక వేరే పని చేతకాక, రెండు గుర్రాలు పెట్టుకుని పెళ్ళి బరాత్‌లకు కిరాయికిచ్చేవాడు. ఒకటి మామూలుది. రెండోది ఏదో లష్కరు వేలంలో, మిలిటరీవాళ్ళు అమ్మేస్తుంటే దొరికిన ఆడ గుర్రం. దాని వీపు నా నెత్తికంటే ఎత్తు. దానికి పేరు పెట్టలేదు, పెద్దది అనేవాళ్ళం. పెళ్ళివాళ్ళందరికీ పెద్దదే కావాలి. పెళ్ళికొడుకు ఊరంతటికీ కనబడాలనేది ఒక్కటే వాళ్ళ ధ్యాస. పైకి ఎక్కేదెట్లా అని ఒక్కరూ అడిగేవారు కాదు.

పెళ్ళికొడుకు కాళ్ళకు పంచె అడ్డం, నుదుట బాసింగం, మెడలో దండ, చేతిలో నిమ్మకాయ గుచ్చిన కత్తి. దానికి తోడు చుట్టూ బ్యాండుమేళం. అలాంటివాణ్ణి పెద్దదాని మీద కూర్చోబెట్టడానికి నాన్న దగ్గర రకరకాల ఉపాయాలుండేవి. వడ్లాయనతో చేయించిన మూడు మెట్ల పీట ఒకటి. పీట తేవడం మరిచిపోతే ఆ ఇంటి అరుగు పక్కకు గుర్రాన్ని ఆనించేవాడు. అరుగు లేకపోతే రోడ్డు పక్క పల్లంలో గుర్రాన్ని నిలబెట్టి, మనిషిని గట్టు మీది నుంచి ఎక్కించేవాడు. అదీ కుదరకపోతే కాలు పెట్టే రికాబు పట్టీని ఎడమవైపు రెండు బెజ్జాలు కిందికి దించి, ఎక్కాక సరిచేసేవాడు. మరీ బరువు మనిషైతే ఎడమకాలి పిక్క కింద రెండు చేతులూ వేసి లేపేవాడు. జీను పట్టుకుని వేలాడొద్దు, మెడ మీద జూలు పట్టుకో అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. ఆ గోలలో ఎవరూ వినేవారు కాదు, జీనుకే వేలాడేవారు. అందుకని అవతలి పక్క రికాబును ఒక మనిషి పట్టుకుని కిందికి గుంజి ఉంచాలి, జీను ఇటువైపు తిరగకుండా.

పెద్దది కూడా తక్కువది కాదు. జీను వేసి కడుపు కింద నుంచి తోలు పట్టీ బిగిస్తాం. దాన్ని తంగు అంటారు. బిగించేటప్పుడు అది గాలి పీల్చి కడుపు ఉబ్బించేది. గట్టిగా ఉందనుకుని వదిలేస్తే, కాసేపటికి గాలి వదిలేది. అప్పుడు పట్టీ కింద నాలుగు వేళ్ళు దూరేవి. అందుకని ఒకసారి బిగించి, పది అడుగులు నడిపించి, మళ్ళీ బిగించాలి. నాన్న వేళ్ళకు వాతం వచ్చినప్పటి నుంచి ఈ పని నాది. ఆడపిల్ల చేసే పనేనా అని కొందరు మూతి తిప్పేవారు. నేను లెక్కచేసేదాన్ని కాదు. నా చేత్తో బిగించిన జీను ఎప్పుడూ తిరగలేదని నాకు కొంచెం గర్వం కూడా.

మాకు ఇంత అనుమానం పుట్టించింది మా అక్క పెళ్ళి. అరవైల్లో చేశారు. పిల్లవాడు బుద్ధిమంతుడిలా ఉన్నాడు, కట్టుబట్ట శుభ్రంగా ఉంది. పెళ్ళిచూపులకు మిట్టమధ్యాహ్నం వచ్చారు. వంకాయకూర తిని మెచ్చుకుని, పొద్దు ఉండగానే బయలుదేరారు. లగ్గం కూడా పగటిపూటే కావాలని పట్టుబట్టి పెట్టించారు. అత్తారింటికి పోయిన మొదటి సాయంత్రమే అక్కకు అర్థమైంది. ఆ మనిషికి రేచీకటి. దీపాలు పెట్టే వేళయితే గోడ తడుముకుంటూ నడిచేవాడు. మంచివాడే, అక్కను ఒక్క మాట అనేవాడు కాదు. కానీ అక్క అప్పటి నుంచి సాయంత్రం అయ్యేసరికి ఆయన చెయ్యి పట్టుకుని ఉండాల్సిందే. పండుగకు కూడా మా ఇంట్లో ఒక రాత్రి ఉండలేకపోయేది. ఆ దాపరికం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత నాన్న ఒక రివాజు పెట్టాడు. నన్ను చూడడానికి వచ్చిన పిల్లవాడెవరైనా సరే, పెద్దదాన్ని ఎక్కి రోడ్డు దాకా పోయి రావాలి. పీట లేదు, అరుగు లేదు, నేల మీది నుంచే ఎక్కాలి. చూపు, నడుము, మోకాలు, ధైర్యం, అన్నీ అందులో తేలిపోతాయని ఆయన లెక్క. ఇద్దరు ఈ మాట వినగానే చాయ్ కూడా తాగకుండా పోయారు. ఒకడు ఎక్కాడు గానీ దిగనని ఏడ్చాడు. నేను కిటికీ సందులోంచి చూసి నవ్వుకునేదాన్ని. మా చుట్టాలు మాత్రం, ఈ పిల్లకు పెళ్ళి కాదు, గుర్రంతోనే ఉంటుంది అని నాన్న ముఖం మీదే అన్నారు.

డెబ్బైల మొదట్లో ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడిది హత్నూర దిక్కు పల్లె, కూలి చేసుకునే కుటుంబం. పటాన్‌చెరు దిక్కున ఒక పెద్ద కార్ఖానాలో లేతు మెషిను మీద పని దొరికింది. ఆ రోజుల్లో కార్ఖానా ఉద్యోగమంటే ఇళ్ళల్లో ఎంత గౌరవమో. నాన్నకు ఆశ పుట్టింది. నాకు మాత్రం అనుమానం పుట్టింది. ఇంత మంచి పని ఉన్నవాడు గుర్రాలవాడి ఇంటికి ఎందుకొస్తున్నాడు?

ఆ అనుమానానికి మా పక్కింటావిడ ఎరువు వేసింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన వాళ్ళు, ఆవిడ భర్తకు అదే కార్ఖానాలో ఉద్యోగం. పెళ్ళిచూపుల ముందు రోజు పాల తోడుకు మజ్జిగ కోసం వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది.

"మా ఆయన వాళ్ళ దగ్గర ఒకబ్బాయి కాలి మీద ఇనుప దిమ్మ పడిందటమ్మా. హత్నూర వైపు కుర్రాడేనట. ఈ అబ్బాయో కాదో నాకు తెలియదు. అడగండి ఒకసారి."

నేను అడగలేదు. అడిగితే నిజం చెబుతారా? అక్క పెళ్ళప్పుడు కూడా నాన్న అన్నీ అడిగాడు. రాత్రి పడుకుని ఒకటే ఆలోచన. అక్క చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది, నేను భుజం ఆసరా ఇచ్చి నడిపించాలా?

మర్నాడు పెద్దదానికి జీను వేశాను. తంగు బిగించాను. అది ఎప్పటిలాగే కడుపు ఉబ్బించింది. పది అడుగులు నడిపించాను. రెండోసారి గుంజడానికి పట్టీ మీద చెయ్యి వేసి, తీసేశాను.

నా లెక్క ఇది. రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్నవాడు జూలు పట్టుకుని చులాగ్గా లేస్తాడు, తంగు కాస్త వదులైనా జీను కదలదు. కాలు పాడైనవాడే జీనుకు వేలాడతాడు. అప్పుడు అది రెండు వేళ్ళంత జరుగుతుంది, వాడు తడబడతాడు, అందరూ చూస్తారు. అంతే అనుకున్నాను. నాన్న ఎప్పటిలాగే, "గుంజినవా బిడ్డా" అని అడిగాడు. "గుంజిన" అన్నాను. ఒకసారి గుంజింది నిజమే కదా అని లోపల సర్దిచెప్పుకున్నాను.

పిల్లవాడు, ఆయన మేనమామ, ఒక స్నేహితుడు, ముగ్గురూ వచ్చారు. పిల్లవాడు పొట్టి కాదు, పొడుగూ కాదు. మనిషి సన్నం. తొడల దగ్గర బిగుతుగా, పాదాల దగ్గర గంటలా వెడల్పుగా ఉన్న ప్యాంటు వేసుకున్నాడు. అప్పుడప్పుడే వస్తున్న ఫ్యాషన్ అది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పర్వాలేదని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కిటికీ సందులోంచి అంతా చూస్తున్నాను. కూర్చోలేని మనిషి, అనుకున్నాను.

నాన్న మా రివాజు చెప్పాడు. పిల్లవాడు కాదనలేదు. వాకిట్లోకి వచ్చి పెద్దదాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"పీట ఉన్నదని చెప్పిన్రు, జెర తెప్పిస్తరా?"

"పీట పెండ్లినాడు. ఇయ్యాల భూమి మీదికెళ్లే ఎక్కాలె" అన్నాడు నాన్న.

"అట్లయితే కుడి దిక్కుకెళ్లి ఎక్కుత."

"దానికి అలవాటు లేదు. బెదురుతది."

ఆయన అటూ ఇటూ చూసి, రోడ్డు పక్క మురికికాలువ వైపు చెయ్యి చూపాడు. "ఆ మోరీ పక్కన పల్లమున్నది గదా, గాడ నిలవెడ్తె సులువైతది."

పెళ్ళిచూపులకని పొద్దున్నే వచ్చి నా పక్కనే ఉన్న అక్క మోచేతిని పట్టుకున్నాను. "సూసినవా, ఎడమకాలు లేస్తలేదు. దిమ్మ పడ్డోడు గీయనే" అన్నాను.

"ఊకో, ఇనవడ్తది" అంది అక్క.

చివరికి నాన్నకే జాలేసి రికాబును రెండు బెజ్జాలు దించాడు. నాన్న గుర్రం తల దగ్గర కళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. అవతలి రికాబు పట్టుకునే మనిషి ఆ రోజు లేడు. మామూలుగా ఆ పని నాదే, పెళ్ళికూతురిని కాబట్టి లోపల ఉన్నాను. పిల్లవాడు ఎడమకాలు మెల్లగా, చాలా మెల్లగా లేపి రికాబులో పెట్టాడు. జీను రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు.

ముందు చర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడు వినబడింది. ఆయన స్నేహితుడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే జీను గుర్రం పక్కకు తిరిగిపోయి, కడుపు కిందికి వచ్చేసింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. పాదం మాత్రం రికాబులో మెలిపడి పైనే ఉండిపోయింది. పెద్దది కదలకుండా నిలబడింది కాబట్టి ప్రాణం దక్కింది. అది గనక ఒక్క గంతు వేసి ఉంటే నేను ఈ మాటలు రాసేదాన్ని కాదు.

అందరూ వాకిట్లోకి పరుగెత్తారు. పెళ్ళికూతురు పిలవకముందే బయటికి రాకూడదన్నది మరిచి నేనూ పరుగెత్తాను. ఆయన కేక వేయలేదు. పళ్ళు బిగబట్టి, నుదుటి నిండా చెమటతో పైకి చూస్తూ పడుకున్నాడు. మేనమామ, స్నేహితుడు కలిసి దవాఖానకు తీసుకుపోయారు. చీలమండ దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ కాలు కొంచెం బయటికి తిరిగే ఉండిపోయింది. నాలుగడుగులు వేస్తే తెలియదు, పది అడుగులు వేస్తే తెలుస్తుంది. పొద్దంతా నిలబడి చేసే లేతు పని ఇక కుదరదని, కార్ఖానాలో ఆయన్ను స్టోరుకు మార్చారు. కూర్చుని సామాను లెక్క చూసే పని.

నాన్న ఆ రోజుతో రివాజు ఆపేశాడు. "అవుతల రికాబు పట్టెటోన్ని పెట్టకపోవుడు నాదే తప్పు. పరాయి పిల్లగాని కాలు ఇరగ్గొట్టిన" అని ఎవరొచ్చినా అదే మాట. నేను పక్కనే దాణా కలుపుతూ వినేదాన్ని. నోరు తెరవలేదు. అప్పుడు కూడా నా లోపల ఉన్నది పశ్చాత్తాపం కాదు, అనుమానమే. ఆ కాలు ముందే పాడైందని నాకు గట్టి నమ్మకం.

రెండు నెలలకు పిల్లవాడి మేనమామ మళ్ళీ వచ్చాడు. దవాఖాన ఖర్చు అడగడానికేమో అనుకుని నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనమామ చాపమీద కూర్చుని, "పిల్లగాడు మీ పిల్లనే చేస్కుంటనంటుండు. మీరేమంటరు?" అన్నాడు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇదెక్కడి చోద్యం? మా వాకిట్లో కాలు విరిగినవాడు మళ్ళీ మా ఇంటికే ఎందుకొస్తాడు? పాత కుంటును కొత్త దెబ్బ కింద కప్పేసుకుంటున్నాడు, అంతకంటే ఇంకేముంటుంది, అనుకున్నాను. ఒప్పుకున్నాను గానీ మనసులో ఒక కన్ను తెరిచే ఉంచాను.

పెళ్ళి మా ఇంటి ముందే అయింది. నాన్న వద్దన్నా వినకుండా ఆయన పెద్దదాని మీదే వస్తానన్నాడు. పొద్దున జీను నేనే వేశాను. ఈసారి రెండుసార్లు కాదు, నాలుగుసార్లు బిగించాను. నాన్న మూడు మెట్ల పీట తెచ్చి పెట్టాడు, అవతలి రికాబుకు ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు. పెళ్ళికొడుకు పీట దగ్గరికి వచ్చి, ఎక్కకుండా ఆగి, వంగి, గుర్రం కడుపు కింద చెయ్యి పెట్టాడు. తంగు కింద రెండు వేళ్ళు దూర్చి చూసి, అప్పుడు ఎక్కాడు. నేను తలుపు వెనక నుంచి చూశాను. పడ్డవాడు జాగ్రత్త పడడం మామూలే, అని సర్దుకోవడానికి ప్రయత్నించాను.

ఆ మధ్యాహ్నమే భోజనాల దగ్గర ఆయన స్నేహితుడు నాకు వదినా అని వరస కలిపి, నవ్వుతూ చెప్పాడు.

"నా కొత్త ప్యాంటు నాశనం చేసిండు వదినా మీ ఆయన. ఆయనకు మంచిది లేదని నాది తొడుక్కపోయిండు. తొడల కాడ టైటు, ఎడమ దిక్కు కుట్టు అప్పటికే పిగిలుండె. కూసుంటె కుట్లు పోతయని కుర్సీల గూడ కూసోలె. గుర్రం ఎక్కుమంటె పీట ఉన్నదా, పల్లమున్నదా అని ఎట్ల అడిగిండో యాదికున్నదా?"

ఇనుప దిమ్మ పడింది ఈయన కాలి మీద కాదు, అదే ఊరి వేరే పిల్లవాడి మీదట. అది కూడా ఆ స్నేహితుడే చెప్పాడు. నాలుగు కుట్లు కాపాడుకోవడానికి మనిషి పడిన పాట్లన్నీ నాకు కుంటితనంలా కనబడ్డాయి. లేని కుంటును వెతికి, చివరికి నేనే పెట్టాను. సిగ్గుతో ఆ రోజు అన్నం ముట్టకుండానే విస్తరి మడిచేశాను. పెళ్ళికూతురు కదా, బెంగ అనుకున్నారు అందరూ.

పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టాం. ఆయన మంచివాడు. తక్కువ మాట్లాడేవాడు. స్టోరు పని మీద విసుగు మాత్రం దాచుకోలేకపోయేవాడు. ఎవరైనా లేతు పని గురించి మాట్లాడితే చిన్నపిల్లవాడిలా ముందుకు జరిగి వినేవాడు, తర్వాత పొద్దుగూకే దాకా మాట ఉండేది కాదు. నాకు చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెబితే వదిలేస్తాడేమో, నాన్నతో గొడవ పడతాడేమో అని మింగేసేదాన్ని.

దానికి తోడు కొత్త అనుమానం ఒకటి పట్టుకుంది. నేను ఏది కట్టినా ఆయన ఒకసారి గుంజి చూసేవాడు. సైకిలు వెనక బియ్యం సంచికి తాడు కడితే గుంజేవాడు. పిల్ల పుట్టాక ఉయ్యాలకు చీర ముడి వేస్తే గుంజేవాడు. ఏమీ అనేవాడు కాదు. తెలిసి చేస్తున్నాడా, అలవాటా? ముఖంలో వెతికేదాన్ని. ఏమీ దొరికేది కాదు. ఒకే గదిలో ఉంటూ ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ ఏడేళ్ళు గడిచాయి.

ఆ ఏడు వానాకాలంలో నాన్న పోయాడు. పెద్దకర్మ నాడు చుట్టాలందరూ కూర్చుని ఆయన మంచితనం చెప్పుకున్నారు. అందులో ఒక పెద్దమ్మ, "ఒక్క పాపమే చేసిండు, అల్లుని కాలు ఇరగ్గొట్టిండు. ఆ బెంగతోనే పోయిండు" అంది. చివరి రోజుల్లో నాన్న మంచం మీద నుంచి కూడా అదే గొణుక్కున్నాడట, అవతలి రికాబు, అవతలి రికాబు అని. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు.

వాన పట్టిందంటే ఆయన చీలమండ సలిపేది. రెండో షిఫ్టుకు పోయే ముందు వేడినీళ్ళలో కాసేపు కాలు పెట్టుకునేవాడు. నేను బకెట్ తెచ్చి పెట్టి, భుజాన తువ్వాలు వేసుకుని ఎదురుగా కింద కూర్చున్నాను.

"ఆ దినం తంగు రెండోసారి గుంజలే నేను. మతిమరిచి కాదు. తెల్సే గుంజలే" అన్నాను.

ఆయన నీళ్ళలోకి చూస్తున్నాడు. "ఎరుకే" అన్నాడు.

"ఎట్ల ఎరుక?"

"నేను పడంగనే అందరు ఉరికొచ్చి నా దిక్కు సూసిన్రు. నువ్వు తంగు దిక్కు సూసినవ్."

ఆ పరుగు గుర్తుంది, ఆయన నుదుటి చెమట గుర్తుంది. నా కళ్ళు మొదట ఎటు పోయాయో నాకే గుర్తు లేదు.

"ఎరుకైనోడివి ఎందుకు చేస్కున్నవ్ మరి?"

"తంగు దిక్కు సూస్కుంట నువ్వు ఏడుస్తుంటివి. ఏడ్సెటామె ఇయ్యాల కాకున్న రేపు చెప్తది అనుకున్న."

"మా నాయినకన్న చెప్తె అయిపోతుండె గదా. తనదే తప్పనుకుంట పాయె." నా గొంతు పెరిగింది. కోపం ఆయన మీద కాదని తెలుసు, అయినా పెరిగింది.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. పెళ్ళయిన తర్వాత అంత సూటిగా చూడడం అదే మొదలు.

"నేనెట్ల చెప్త? అది నువ్వు చెప్పాలె. ఆయన బతికుండంగ చెప్తవేమోనని ఏడేండ్లు సూసిన."

నాన్న మంచం పక్కన నేను కూర్చున్న సాయంత్రాలు ఎన్నో. గంజి తాగించాను, వేళ్ళకు నూనె రాశాను, పెద్దది దాణా తిన్నదా అని అడిగితే తిన్నదని చెప్పాను. ఒక్క మాట చెప్పడానికి నిమిషం పట్టేది కాదు. ఆ నిమిషం నాకెప్పుడూ దొరకలేదు.

ఆయన కాలు నీళ్ళలోంచి తీశాడు. తువ్వాలు నా భుజం మీదే ఉంది, అందివ్వడానికి చెయ్యి లేవలేదు. ఆయనే వంగి తీసుకుని తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, వానలో బస్సుకు నడిచాడు. మొదటి నాలుగడుగుల్లో ఏమీ తెలియలేదు. సందు మలుపు దాకా నేను ఆ కాలునే చూస్తూ నిలబడ్డాను.